వానలు పడకముందే స్టెప్నీ సంగతి చూసుకోండి: పెద్ద టైర్లు వేసిన థార్, జిమ్నీ బండ్లకు జాగ్రత్తలు

రెండేళ్ల కింద శ్రావణంలో మారేడుమిల్లి ఘాట్ దిగి వస్తున్నాం. వెనక సీట్లో ఉన్న మా బావమరిది "బావా, వెనక ఏదో టక్ టక్ మంటోంది, ఒకసారి ఆపు" అన్నాడు. రాయి ఏదో తగులుతోందనుకుని ఇంకో పది కిలోమీటర్లు నడిపాను. రంపచోడవరంలో ఆపి చూస్తే, డిక్కీ డోరు కింది హింజ్ పక్కన రేకు మీద వెంట్రుకలా సన్నటి పగులు. పగులు అంచున తుప్పు ఉంది. అంటే అది ఆ రోజు వచ్చిన పగులు కాదు, ఎన్నాళ్లుగానో పెరుగుతోంది. ఆ డోరుకే తగిలించి ఉండే స్టెప్నీని, అంటే ఐదో చక్రాన్ని, రెండు చేతులతో పట్టుకుని ఊపితే డోరు మొత్తం కదిలింది. ఆ చక్రం ఘాట్‌లో ఊడిపడి, వెనకే బైకు మీద వచ్చే కుటుంబానికి తగిలి ఉంటే? ఆ ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

చేసిన తప్పు చిన్నదే. టైర్లు మార్చినప్పుడు కిందున్న నాలుగింటి గురించి నెల రోజులు చదివాను. ఐదోదాన్ని మాత్రం పాతది ఉన్న చోటే తగిలించమన్నాను. షాపులో "ఏం కాదు సార్" అన్నారు, నమ్మాను. జూన్‌లో వానలు మొదలయ్యే లోపు ఒక్క ఆదివారం కేటాయిస్తే ఇదంతా ముందే చూసుకోవచ్చు. అందుకే రాస్తున్నాను.

డోరు ఎంత బరువు మోస్తోంది?

2020 తర్వాత వచ్చిన మూడు డోర్ల థార్‌కు కంపెనీ నుంచి వచ్చే సైజులు 245/75 ఆర్16, 255/65 ఆర్18. రెండోదాని ఎత్తు లెక్క కడితే సుమారు 789 మిల్లీమీటర్లు. చాలామంది వేయించుకునే 285/70 ఆర్17 ఎత్తు 831 మిల్లీమీటర్లు. చూడటానికి తేడా నాలుగు సెంటీమీటర్లే, కానీ బరువు సంగతి వేరు. ఈ సైజులో మడ్ టెరైన్ (బురద దారులకు చేసిన) టైరు ఒక్కటే 25 కేజీలు దాటుతుంది. రిమ్ముతో కలిపితే 40 కేజీల దగ్గరకు వస్తుంది. కంపెనీ డోరును, హింజ్‌లను తను ఇచ్చే చక్రం బరువుకు లెక్క కట్టి చేస్తుంది, మనం తర్వాత తగిలించేదానికి కాదు. మీ స్టెప్నీ ఎంతుందో అంచనా వేసుకోకుండా పాత ఇనుప సామాను కొట్టుకు తీసుకెళ్లి కాటా మీద పెట్టించండి. ఐదు నిమిషాల పని.

నిలబెట్టిన బండికి 40 కేజీలు ఒక లెక్క కాదు. గతుకులో పడ్డప్పుడు అదే బరువు డోరు మీద రెండు మూడింతలై గుంజుతుంది. అంటే ఒక్కో గుంతకూ ఇద్దరు మనుషులు డోరు పట్టుకుని వేలాడినట్టు. అలా రోజుకు కొన్ని వేల సార్లు. రేకు ఒక్కసారిగా విరగదు, అలసిపోయి పగులుతుంది. అందుకే ముందుగా కనిపించే గుర్తులు తెలిసి ఉండాలి. హింజ్ చుట్టూ పెయింట్ ముడతలు పడటం లేదా పొలుసులా లేవడం, డోరు మూసేటప్పుడు కాస్త పైకి ఎత్తితేనే లాక్ పడటం, డోరుకూ బాడీకీ మధ్య సందు పైన ఒకలా కింద ఒకలా కనిపించడం, డోరు రబ్బరు ఒక మూల నలిగి అటునుంచి లోపలికి దుమ్ము రావడం. వీటిలో ఒక్కటి కనిపించినా స్టెప్నీ విప్పి పక్కన పెట్టి, అప్పుడు మెకానిక్ దగ్గరకు వెళ్లండి. పగులు మీద పైపైన వెల్డింగ్ చేయించి పెయింట్ కొట్టించొద్దు. వెల్డింగ్ పక్కనే మళ్లీ పగులుతుంది, ఈసారి పెయింట్ కింద కనపడకుండా.

నేనైతే టార్చ్ పట్టుకుని చూడటమే కాదు, వేలితో తడిమి చూస్తాను. కంటికి కనపడని పగులు గోటికి తగులుతుంది.

చక్రం దేని మీద ఆనుతోంది?

ఈ విషయం చాలామందికి ఎవరూ చెప్పరు. డోరు మీద స్టెప్నీకి స్టడ్‌లతో (నట్లు ఎక్కే మరల కడ్డీలతో) పాటు చిన్న రబ్బరు దిమ్మలు కూడా కొన్ని బండ్లలో ఉంటాయి. టైరు వాటి మీద గట్టిగా అదిమి ఉంటే చక్రం అదరదు. కొత్త రిమ్ము ఆఫ్‌సెట్ (రిమ్ము బిగిసే ముఖం దాని నడిమధ్య నుంచి ఎంత పక్కకు ఉందన్నది) మారినా, టైరు వెడల్పు పెరిగినా ఈ లెక్క తప్పుతుంది. ఒకసారి టైరు ఆ దిమ్మలకు అందకుండా గాలిలో ఉంటుంది, అప్పుడు అదురంతా స్టడ్‌ల మీదే. ఇంకోసారి టైరు ముందే డోరు రేకుకు ఆని, రిమ్ము స్టడ్‌ల దగ్గర పూర్తిగా కూర్చోదు. నట్టు బిగిసినట్టే ఉంటుంది కానీ బిగిసింది టైరు రబ్బరు మీద. వంద కిలోమీటర్లు తిరిగేసరికి వదులవుతుంది. సన్నటి కాగితం రబ్బరు దిమ్మకూ టైరుకూ మధ్య దూర్చి లాగండి. సులువుగా వచ్చేస్తే ఆనడం లేదన్నమాట.

డోరుకూ చక్రానికీ మధ్య సందు కోసం స్పేసర్ (మధ్యలో పెట్టే లోహపు దిమ్మ) వేయించే వాళ్లు ఒకటి గుర్తు పెట్టుకోవాలి. చక్రం ఎంత వెనక్కి జరిగితే హింజ్ మీద గుంజు అంత పెరుగుతుంది. స్పేసర్ తర్వాత స్టడ్ పొడవు సరిపోయిందో లేదో లెక్కపెట్టండి. స్టడ్ లావెంతో నట్టు కనీసం అంత లోతుకైనా ఎక్కాలి. నా బండికి నట్టు నాలుగు చుట్లే ఎక్కి ఉందని పగులు వచ్చాక గానీ తెలియలేదు.

జిమ్నీ వాళ్ల సమస్య ఎత్తు. దాని కంపెనీ సైజు 195/80 ఆర్15, సుమారు 693 మిల్లీమీటర్లు. 235/75 ఆర్15 వేస్తే 733 అవుతుంది. అదే స్టడ్‌ల మీద పెడితే టైరు కింది అంచు బంపర్ దగ్గరకు దిగుతుంది. డోరు తెరిచేటప్పుడు గీసుకుంటుంటే చక్రాన్ని పైకి జరిపే బ్రాకెట్ దొరుకుతుంది. పైకి జరిపితే వెనక అద్దం కొంత మూసుకుపోతుందని తెలిసే పెట్టించండి. పెట్టించాక నంబర్ ప్లేటు, ఇండికేటర్లు, పైన ఉండే మూడో బ్రేక్ లైటు, రివర్స్ కెమెరా అన్నీ కనిపిస్తున్నాయో లేదో చీకటి పడ్డాక ఇంకొకరిని వెనక నిలబెట్టి చూడండి. వానలో, మంచులో లంబసింగి వైపు వెళ్లేటప్పుడు వెనక వచ్చే లారీకి మనం కనపడేది ఆ లైట్లతోనే.

డోరు నుంచి దించితే ఎక్కడ పెట్టాలి?

నా అభిప్రాయంలో 35 కేజీలు దాటిన చక్రానికి డోరు చోటు కాదు. ఛాసిస్‌కు బిగించిన వెనక బంపర్ మీద పక్కకు తిరిగే క్యారియర్ మేలు. అమెరికాలో రాంగ్లర్ నడిపే మనవాళ్లకు పెద్ద టైరు కోసం హింజ్‌ను గట్టిపరిచే కిట్‌ను జీప్ విడిభాగాల సంస్థ మోపారే అమ్ముతుంది. మన దగ్గర ఎక్కువగా ఫ్యాబ్రికేషన్ షాపుల పనితనం మీదే ఆధారపడాలి. కాబట్టి అడిగి తెలుసుకోండి. తిరిగే కడ్డీకి బేరింగ్ ఉందా, ఉత్త బుష్‌లేనా? గ్రీజు పెట్టే నిపుల్ ఉందా? మూసినప్పుడు చేయి దానంతటది ఆనే దిమ్మ ఉందా, లేక బరువంతా గొళ్లెం మీదేనా? గొళ్లెం జారినా ఆపే రెండో పిన్ను ఉందా? ఈ చివరిది లేకపోతే నేను డబ్బు కట్టను.

క్యారియర్ కట్టినా బరువు బరువే. ఏతాం గుర్తు చేసుకోండి, ఒక వైపు తొక్కితే రెండో వైపు లేస్తుంది. మూడు డోర్ల థార్‌కు ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం 2450 మిల్లీమీటర్లు. వెనక యాక్సిల్‌కు ఒక మీటరు అవతల 40 కేజీలు వేలాడితే, వెనక చక్రాల మీద పడేది సుమారు 56 కేజీలు. మిగతా 16 కేజీలు ముందు చక్రాల మీద నుంచి తేలిపోతాయి. దానికి స్టీల్ బంపర్ బరువు, డీజిల్ క్యాన్లు కలిపి చూడండి. బురద ఎత్తు ఎక్కేటప్పుడు స్టీరింగ్ తేలికవడం, రాత్రి హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొట్టడం ఇక్కడి నుంచే వస్తాయి. లైట్ల మట్టం మళ్లీ సరిచేయించండి.

రూఫ్ మీద పెట్టడం నాకు ఇష్టం లేదు. 40 కేజీలు అంత ఎత్తుకు వెళితే పక్కవాలు దారిలో బండి ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. వానలో తడిసిన ర్యాక్ ఎక్కి ఒక్కరే దాన్ని దించడం ఇంకో ప్రమాదం. తప్పదనుకుంటే మీ బండి మాన్యువల్‌లో రూఫ్ బరువు పరిమితి చూసి, ర్యాక్ బరువు కూడా అందులోంచి తీసేయండి.

లోపల పెడితే పడుకోబెట్టి, బాడీకి ఉన్న హుక్కులకు రెండు రాట్చెట్ బెల్టులతో అడ్డంగా, నిలువుగా బిగించాలి. సీటుకు తాడు కట్టి సరిపెట్టొద్దు. ఆ రోజు రంపచోడవరం నుంచి అలాగే తెచ్చాను, దారంతా టెన్షనే. సడన్ బ్రేక్ వేస్తే అది ముందు కూర్చున్నవాళ్ల మీదకే వస్తుంది.

స్టెప్నీ బండి కింద ఉండే ఫార్చ్యూనర్, స్కార్పియో-ఎన్ లాంటి వాటిలో పెద్ద టైరు ఆ గుంతలో పట్టకపోవచ్చు. బలవంతంగా ఎక్కిస్తే సైలెన్సర్ గొట్టానికి తగిలి కాలుతుంది, లేదా కిందికి వేలాడి రాళ్లకు తగులుతుంది. టైరు మార్చినా మార్చకపోయినా, వానలకు ముందు ఒక్కసారి దాన్ని పూర్తిగా కిందికి దించండి. ఏళ్ల తరబడి బురద పట్టిన గొలుసు, వైరు తుప్పుతో బిగుసుకుపోయిందని అడవిలో తెలియకూడదు.

చిన్న స్టెప్నీతో సరిపెట్టుకుంటే?

"ఐదోది పాత సైజే ఉంచుకుంటా, ఎప్పుడో పంచరైతేగా" అనే మిత్రులు నాకూ ఉన్నారు. లెక్క చూడండి. 789 మిల్లీమీటర్ల చక్రం కిలోమీటరుకు సుమారు 403 చుట్లు తిరుగుతుంది, 831 ది 383. ఒకే యాక్సిల్ మీద ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉంటే కిలోమీటరుకు 20 చుట్ల తేడాను డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఆగకుండా సర్దుతూ ఉండాలి. దూరం పెరిగేకొద్దీ అది వేడెక్కుతుంది. థార్, జిమ్నీల్లో 4హెచ్ (ఫోర్ వీల్ డ్రైవ్) వేస్తే ముందు, వెనక షాఫ్టులు కలిసి లాక్ అవుతాయి. అప్పుడు ఈ తేడా సర్దుకునే చోటే ఉండదు. గట్టి రోడ్డు మీద గేర్లు, షాఫ్టులు మెలితిరుగుతాయి. బురదలో ఫోర్ వీల్ కావలసిన చోటే దాన్ని వాడలేని స్థితి.

తప్పనిసరై చిన్నది వేస్తే దాన్ని ముందు యాక్సిల్‌కే వేయండి. వెనక టైరు పోతే ముందున్న పెద్దది విప్పి వెనక్కి వేసి, చిన్నది ముందు పెట్టండి. కొన్ని థార్‌లలో వెనక రెండు చక్రాలనూ కలిపి బిగించే లాకింగ్ డిఫరెన్షియల్ ఉంటుంది, దానికి ఈ తేడా అసలు పడదు. టూ వీల్‌లోనే, నెమ్మదిగా, దగ్గర్లోని పంచర్ షాపు వరకే. అసలు దారి మాత్రం ఐదూ ఒకే సైజు, ఒకే రకం కొని, ఐదింటినీ వంతులవారీగా మారుస్తూ అరిగించడం. స్టెప్నీ ఎండలో కూర్చుని ముసలిదైపోకుండా కూడా ఉంటుంది. టైరు పక్కన అచ్చులో నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. ట్రెడ్ కొత్తగా మెరుస్తున్నా పక్క రబ్బరు నెర్రెలు విచ్చి ఉంటే ఘాట్‌కు తీసుకెళ్లొద్దు. గాలి నెలకోసారి చూడండి, స్టెప్నీలో నాలుగైదు పీఎస్ఐ ఎక్కువే ఉంచండి. తీయడం తేలిక, పెట్టడం కష్టం.

చట్టం గురించి కూడా ఒక మాట. కంపెనీ అసలు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పెద్ద టైర్లు, వెనక స్టీల్ బంపర్ పెట్టించేముందు ఆర్టీవో ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి.

ఇంటి దగ్గర ఒక్కసారి మార్చి చూడండి

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే. బండితో వచ్చిన జాకీ పెద్ద టైరును నేల వదిలేలా లేపలేకపోవచ్చు. ఇంటి ముందు లేపి చూడండి. బురదలో జాకీ దిగిపోకుండా అడుగున పెట్టడానికి మందపాటి చెక్క పలక ఒకటి బండిలో ఉంచండి. పానా కొత్త నట్లకు పడుతుందో చూడండి. దొంగల భయంతో వేసిన లాక్ నట్టు తాళం ఇంట్లో బీరువాలో ఉంటే అడవిలో ఏం లాభం?

40 కేజీల చక్రాన్ని నిలబడి వంగి ఎత్తొద్దు, నడుము పట్టేస్తుంది. దించేటప్పుడు పై నట్టు చివర విప్పి, మోకాలు ఆనించి జార్చండి. ఎక్కించేటప్పుడు టైరు కింద పానా దూర్చి మీటలా తొక్కితే చక్రం తేలిగ్గా లేస్తుంది. ఇంట్లో ఆడవాళ్లు, పెద్దవాళ్లు బండి తీసుకెళ్తుంటే వాళ్లతో కూడా ఒకసారి చేయించండి. ఒక్కరి వల్ల కాకపోతే ఆ సంగతి ముందే తెలుస్తుంది, ఇద్దరు లేకుండా అడవి దారి పట్టరు. ఏటవాలు చోట డోరు తెరిస్తే ఆ బరువుకు అది దానంతటదే ఊగి మూసుకుంటుంది, పిల్లల వేళ్లు అక్కడ ఉండనివ్వొద్దు.

మళ్లీ బిగించాక మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) నట్లు తిప్పి, వాటి మీద పెయింట్‌తో ఒక గీత గీయండి. 50 కిలోమీటర్లు తిరిగాక ఆపి చూడండి. గీత కదిలి ఉంటే చక్రం సరిగ్గా కూర్చోలేదన్నట్టే, విప్పి రబ్బరు దిమ్మల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.