సీజన్‌కి ముందు ప్రాక్టీస్ ప్లాన్: తొలి నెలలో జాగ్రత్తలు

చాన్నాళ్లు ఆట మానేసి మళ్లీ మైదానంలో దిగినవాళ్లు మొదటి రోజు పెద్దగా దెబ్బ తినరు. ఆ రోజు అందరికీ కాస్త భయం ఉంటుంది. మూడో వారమో నాలుగో వారమో, ‘ఒళ్లు భలే తేలిగ్గా ఉంది, ఇంకాస్త లాగిద్దాం’ అనిపించినప్పుడే అసలు ప్రమాదం. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే దారికొస్తాయి. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్లు, ఎముకలు గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది. ఆయాసం రావట్లేదు కదా అని వేగం పెంచితే ఆ భారమంతా ఇంకా సిద్ధంకాని మడమ మీదా మోకాలి మీదా పడుతుంది. నాకు మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పి అలాగే పట్టుకుంది, ఆరు వారాలు కూర్చోబెట్టింది.

అందుకే ప్లాన్ ఉత్సాహాన్ని బట్టి కాకుండా క్యాలెండర్‌ని బట్టి వేసుకోవాలి. పోటీ తేదీ దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేయండి. చివరి రెండు వారాలు ప్రాక్టీస్ మొత్తాన్ని సుమారు సగానికి తగ్గించాలి, వేగం మాత్రం తగ్గించకూడదు. అంతకుముందు వారాల్లో, మూడు వారాలు మెల్లగా పెంచి నాలుగో వారం తగ్గించే పద్ధతి చాలామందికి సరిపోతుంది. దూరం, వేగం, బరువు మూడూ ఒకే వారంలో పెంచొద్దు. వారానికి 10 శాతానికి మించి పెంచకూడదన్న మాట తరచూ వింటుంటాం. అది శాసనమేం కాదు, కానీ తొందరపాటుకి మంచి కళ్లెం.

ఎంత శ్రమ పడ్డామో కొలవడానికి ఖరీదైన వాచీ అక్కర్లేదు. ప్రాక్టీస్ అయ్యాక ఎంత కష్టంగా అనిపించిందో పదికి మార్కులేసి, నిమిషాలతో గుణించండి. 40 నిమిషాలకు 5 మార్కులైతే 200. వారం మొత్తం కూడి, పోయిన వారంతో పోల్చి చూడండి. అంకె ఒక్కసారిగా ఎగిరిందంటే తర్వాతి వారం తగ్గించుకోవాలి.

గట్టి ప్రాక్టీస్ చేసిన కండరానికి మళ్లీ అంత పని పెట్టడానికి సుమారు 48 గంటల వ్యవధి ఇవ్వండి. మధ్యలో వచ్చే తేలిక రోజు నిజంగా తేలికగానే ఉండాలి. పక్కవాడు ముందుకెళ్లిపోతున్నాడని ఆ రోజు కూడా పరుగెత్తేవాళ్లే ఎక్కువ! నిద్ర సరిగా పట్టక, పొద్దున లేవగానే నాడి మామూలు కన్నా వేగంగా కొట్టుకుంటుంటే ఆ రోజు గట్టి ప్రాక్టీస్ వాయిదా వేయండి.

ఒళ్లు నొప్పులు ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదిరి తగ్గిపోతే మామూలే. ఎముక మీద వేలు పెట్టి చూపించగలిగినట్టు ఒకేచోట నొప్పి ఉండి, పరుగెత్తేకొద్దీ పెరుగుతుంటే ఆపేయండి. అలవాటు లేని కఠిన కసరత్తు తర్వాత కండరాలు వాచి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కండరం చితికి కిడ్నీలకు ముప్పు రావచ్చు. శ్రమపడేటప్పుడు ఛాతీ నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం ఉన్నా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినా డాక్టర్‌కి చూపించుకోకుండా మొదలుపెట్టొద్దు.

జ్వరంతో ఒక వారం పోయిందా? పోయిన ప్రాక్టీస్‌ని వడ్డీతో సహా తీర్చే ప్రయత్నం చేయకండి. జ్వరం పూర్తిగా తగ్గాక, ప్లాన్‌లో ఒకటి రెండు వారాలు వెనక్కి వెళ్లి అక్కణ్నుంచి మొదలుపెట్టండి.