గెలుస్తామని తెలిసినా గుండె దడ ఆగట్లేదా? నేను చేసేది ఇది

మన టీమ్ వీక్ అయితే అసలు గొడవే లేదు, ఓడితే ఎలాగూ ఓడేదే అనుకుంటాం, గెలిస్తే పండగ. కానీ ఊరు ఊరంతా "ఈసారి కప్పు మనదే" అంటున్నప్పుడు చూడండి, ముందు రోజు నుంచే అన్నం సయించదు, టాస్ టైమ్‌కి కడుపులో తిప్పడం స్టార్ట్. ఎందుకంటే మనసులో కప్పు ఆల్రెడీ ఇంటికి తెచ్చేసుకుని షోకేస్‌లో పెట్టేశాం, ఇక అది చేజారిపోతుందేమో అన్న భయం ఒక్కటే మిగిలింది. నాకు ఈ జబ్బు 2023 నవంబర్ 19న, ఆస్ట్రేలియాతో క్రికెట్ వరల్డ్ కప్ ఫైనల్ రోజు, బాగా ముదిరింది, అప్పట్నుంచి నాకు పనిచేసినవి చెప్తున్నా.

ముందు ఫేవరెట్ అంటే ఏంటో లెక్క వేసుకోండి. పది మ్యాచ్‌లకి ఎనిమిది గెలిచే టీమ్ అనుకుందాం, అంటే ఐదు ఫైనల్స్ ఆడితే ఒకటి పోతుంది, అదే టీమ్ వరసగా 11 గెలిచే ఛాన్స్ అయితే 9 శాతం కూడా ఉండదు. 2023లో మనోళ్ళు వరసగా 10 గెలిచి ఫైనల్‌కి అహ్మదాబాద్ వెళ్ళారు, ఇంకేముంది అయిపోయినట్టే అనుకున్నా, కానీ ఆ పది విజయాలూ స్కోర్‌బోర్డ్ మీద ఒక్క పరుగు కూడా వేయవు కదా. 240కి ఆలౌట్. రాహుల్ 107 బాల్స్ ఆడి 66 కొట్టాడు, అందులో ఫోర్ ఒకే ఒక్కటి. ఆస్ట్రేలియా వాళ్ళు 47కి 3 వికెట్లు పోగొట్టుకున్నప్పుడు మళ్ళీ లేచి గంతులేశాం, తర్వాత వాళ్ళ ఓపెనర్ హెడ్ 137 కొట్టి మమ్మల్ని కూర్చోబెట్టాడు. అందుకే మ్యాచ్ ముందు రోజు నాకు నేనే పైకి చెప్పుకుంటా, "ఐదులో ఒకటి ఇదే కావచ్చు" అని. అశుభం అంటారు మా ఇంట్లో, కానీ నిజంగానే కొంచెం తేలికవుతుంది.

రెండోది, సంబరాలు ముందే ప్లాన్ చేయకండి. ఆ ఏడాది దీపావళి సరిగ్గా వారం ముందు అయింది, పిల్లల దగ్గర సగం టపాసులు లాక్కుని మరీ ఫైనల్‌కని దాచాం, మేడ మీద తెర కట్టాం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే అయింది. బిర్యానీ తినండి, తప్పులేదు, కానీ మ్యాచ్ మొదలవ్వకముందే తినేయండి, ఖాళీ కడుపుతో టెన్షన్ రెట్టింపు. కాఫీలు తగ్గించండి. ఇంట్లో బీపీ టాబ్లెట్ వేసుకునే పెద్దవాళ్ళుంటే టైమ్‌కి ఇచ్చేయండి, మ్యాచ్ గోలలో మర్చిపోయేది అదే.

ఫోన్‌లో చూసేవాళ్ళకి ఒక మాట. యాప్‌లో వచ్చేది టీవీ కంటే వెనకబడి ఉంటుంది, మీకు బౌలర్ ఇంకా రన్నప్‌లో ఉంటాడు, పక్కింట్లోంచి "అబ్బా" అని వినిపిస్తుంది, ఇక ఆ బాల్ పడేదాకా మీ ప్రాణం మీ దగ్గర ఉండదు. వీలైతే టీవీ పెట్టుకోండి, లేదంటే కిటికీలు మూసి వాట్సాప్ గ్రూపులు మ్యూట్ చేయండి. ముఖ్యంగా ఓవర్ ఓవర్‌కీ "పోయింది రా" అని పెట్టే బావ ఒకడు ప్రతి గ్రూపులో ఉంటాడు, వాడిని.

చేతులకి పని పెట్టడం మాత్రం అన్నిటికంటే బెస్ట్. 2024 జూన్ 29 రాత్రి, బార్బడోస్‌లో టీ20 వరల్డ్ కప్ ఫైనల్, సౌతాఫ్రికాకి 30 బాల్స్‌లో 30 కావాలి, వాళ్ళ బ్యాటర్ క్లాసెన్ ఊపు మీదున్నాడు. నేను హాల్లో అటూ ఇటూ తిరుగుతుంటే అమ్మకి చిరాకొచ్చి చిక్కుడుకాయల గిన్నె ఒళ్ళో పెట్టి "కూర్చుని ఈనెలు తియ్యరా, రేపటి కూరకి" అంది. తీస్తూ ఉన్నా. లాస్ట్ ఓవర్ ఫస్ట్ బాల్‌కి సూర్య బౌండరీ దగ్గర మిల్లర్ క్యాచ్ పట్టినప్పుడు కూడా చేతిలో కాయ ఉంది. 7 పరుగులతో గెలిచాం. మర్నాడు కూరలో ఈనెలు పళ్ళలో ఇరుక్కుంటుంటే నాన్న "ఇవి క్లాసెన్ ఆడేటప్పుడు తీసినవా" అన్నారు.

సెంటిమెంట్లు ఉంటే ఉండనివ్వండి, లక్కీ షర్టు, అదే సోఫా మూల, ఎవరికీ నష్టం లేదు. కానీ "నువ్వు లేచావు కాబట్టే వికెట్ పడింది" అని ఇంట్లోవాళ్ళ మీద పడకండి, పిల్లలు అది నిజమే అనుకుంటారు, బాత్రూమ్‌కి కూడా వెళ్ళరు పాపం.

ఒకవేళ ఓడిపోతే ప్రెజెంటేషన్ చూడకుండా టీవీ కట్టేయండి. చెప్పులేసుకుని వీధి చివరిదాకా నడవండి, ఫోన్ ఇంట్లోనే వదిలేసి. 2023 ఫైనల్ రోజు నేను అలా వెళ్తే మా వీధిలో సగం మంది అక్కడే తిరుగుతున్నారు, ఎవరూ మాట్లాడుకోవట్లేదు, సోడాబండి అతను మాత్రం "టాస్ మనం గెలవాల్సింది సార్" అన్నాడు.