లిస్బన్‌లో తీరిగ్గా ఒక రోజు గడపడం ఎలా?

పోర్చుగల్ రాజధాని లిస్బన్ అంతా ఎత్తుపల్లాలే. రోజంతా తిరిగినా కాళ్లు లాగకుండా ఉండాలంటే ఒకటే సూత్రం: పైకి ట్రామ్‌లో వెళ్లాలి, కిందికి నడిచి దిగాలి. ఒక్క రోజులో అన్నీ చూసేయాలన్న టెన్షన్ పెట్టుకోకండి. ఒక పూట కొండ మీద, ఒక పూట తేజో నది ఒడ్డున గడిపితే చాలు.

1. టికెట్, చెప్పులు

మెట్రో స్టేషన్ మెషిన్‌లో నవెగాంట్ కార్డు కొని, 24 గంటల టికెట్ వేయించుకోండి. నది దాటే పడవ కూడా కలిసిన టికెట్ ఇంకొంచెం ఖరీదు, కానీ సాయంత్రానికి పనికొస్తుంది. ఫుట్‌పాత్‌ల మీద పరిచిన చిన్న రాళ్లు అరిగి నున్నగా ఉంటాయి. వాన పడితే జారతాయి. పట్టున్న బూట్లు వేసుకోండి.

2. పొద్దున్నే కొండెక్కండి

మార్తిమ్ మోనిజ్‌లో 28 నంబర్ ట్రామ్ ఎక్కండి. ఎనిమిదిలోపే వెళ్తే సీటు దొరుకుతుంది. ఆలస్యమైతే పెద్ద క్యూ, లోపల జేబుదొంగలు. గ్రాసాలో దిగి, సెన్యోరా దో మోంతె వ్యూపాయింట్‌కి నడవండి. కోట, ఎర్ర పెంకుల ఇళ్లు, నది, దాని మీది వంతెన అన్నీ అక్కడి నుంచే కనిపిస్తాయి. కోటలోకి వెళ్లకపోయినా నష్టం లేదని నా అభిప్రాయం.

3. అల్ఫామా మీదుగా దిగండి

మ్యాప్ చూడక్కర్లేదు. పల్లం ఎటుంటే అటు నడిస్తే నది దగ్గరికి చేరతారు. మెట్ల సందులు, కిటికీలకు ఆరేసిన బట్టలు... 1755 నవంబరు 1న వచ్చిన భూకంపం నగరాన్ని కూల్చేసినా ఈ పేట చాలావరకు నిలిచింది. పక్కనే ఉన్న బైషా మాత్రం నేలమట్టమైంది. అప్పటి మంత్రి పొంబాల్ మార్క్విస్ దాన్ని గళ్లు గీసినట్టు తిన్నని వీధులతో కట్టించాడు. కిందికి దిగాక ఈ తేడా మీకే తెలుస్తుంది.

దారిలో కాఫీ కొట్టు కౌంటర్ దగ్గర నిలబడి తాగండి. 'బికా' అంటే చిన్న కప్పు, బాగా చేదు. పాలు ఎక్కువ కావాలంటే 'గలావ్' అడగండి, గ్లాసులో ఇస్తారు.

4. మధ్యాహ్న భోజనం

బైషా పెద్ద వీధుల్లో మెనూ పట్టుకుని పిలిచేవాళ్లను దాటేయండి. సందుల్లో, స్థానికులు కూర్చున్న చిన్న హోటల్లో 'ప్రాతో దో దియా' అడగండి. ఆ రోజు వండిన వంటకం అది. మీరు అడగకుండానే బ్రెడ్, ఆలివ్‌లు, చీజ్ తెచ్చిపెడతారు. తింటే బిల్లులో పడతాయి, వద్దనుకుంటే తీసేయమనండి, ఏమీ అనుకోరు. ఉప్పుచేప బకల్యావ్ ఒకసారి రుచి చూడాల్సిందే. మనకు చప్పగా అనిపిస్తే పిరి పిరి కారం అడగొచ్చు. మిరపకాయను మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువాళ్లే కదా!

శాకాహారులు జాగ్రత్త: ఆకుకూర సూప్ 'కాల్దో వెర్డె'లో సాధారణంగా సాసేజ్ ముక్క వేస్తారు.

5. మధ్యాహ్నం బెలెం

15 నంబర్ ట్రామ్ నది వెంబడే బెలెం అనే పేటకు పోతుంది. జెరోనిమోస్ మఠం సోమవారాలు మూసి ఉంటుంది. అక్కడి చర్చిలో వాస్కోడగామా సమాధి ఉంది. 1524లో ఆయన చనిపోయింది మన కొచ్చిలో. మొదట పూడ్చిందీ అక్కడే, తర్వాత అవశేషాలను పోర్చుగల్‌కి తీసుకెళ్లారు.

మఠం పక్కనే 1837 నుంచి నడుస్తున్న పాస్తేయిస్ ద బెలెం దుకాణం. బయట క్యూ చూసి భయపడకండి, అది పార్సిల్ వాళ్లది. లోపల గదుల వెంట గదులుంటాయి, టేబుల్ తొందరగానే దొరుకుతుంది. పొరలుపొరలుగా కరకరలాడే ఈ గుడ్డు కస్టర్డ్ టార్ట్ మీద దాల్చినచెక్క పొడి చల్లుకుని వేడివేడిగా తినాలి. ఒక్కటే ఆర్డర్ చేస్తే మళ్లీ పిలవాల్సొస్తుంది, ముందే రెండు చెప్పండి.

6. పొద్దుగూకే వేళ

కైష్ దో సొద్రే రేవు నుంచి కసిల్యాష్‌కి పడవలో పది నిమిషాలు. అవతలి గట్టు మీద కూర్చుంటే పొద్దున తిరిగిన కొండలన్నీ ఎదురుగా కనిపిస్తాయి.

తిరిగొచ్చాక ఓపికుంటే అల్ఫామాలో ఫాదో అనే పోర్చుగీసు విషాద గీతం వింటూ భోంచేయండి. భోజనం ఎనిమిది తర్వాతే మొదలవుతుంది. టేబుల్ ముందే బుక్ చేసుకోవాలి, కనీస బిల్లు ఎంతో అడిగి కూర్చోవాలి. పాట మొదలైతే మాటలాపేయాలి, వెయిటర్లు కూడా వడ్డన ఆపేస్తారు. మెట్రో రాత్రి ఒంటిగంట దాకా ఉంటుంది.