అవ్వ గొంతున్న క్యాసెట్‌ని ఫోన్‌లోకి ఎక్కించుకోవడం ఎలా

అటక మీది క్యాసెట్ల డబ్బా దించాక ముందు సినిమా పాటలన్నీ పక్కన పెట్టేయండి, అవి ఫోన్‌లో వెతికితే దొరుకుతాయి. 1978లో తిరుపతిలో మొదలైన అన్నమాచార్య ప్రాజెక్టు పుణ్యమా అని అన్నమయ్య కీర్తనలకీ కొదవలేదు. ఎక్కడా దొరకనివి మనవాళ్ళు పట్టుకున్నవే. మా చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరిగేటప్పుడు టేప్‌రికార్డర్ పెట్టి పట్టిన హరికథ, అవ్వ పాడిన పెళ్ళిపాట, వాటితోనే మొదలుపెట్టండి.

టేపు కనిపించే అంచుకి ఎదురు అంచున రెండు చివర్లా ఉండే చిన్న ప్లాస్టిక్ పలకల్ని విరిచేస్తే పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా పాట చెరగదు. టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే మాత్రం ప్లేయర్‌లో పెట్టొద్దు. బాగుంటే ఒకసారి చివరిదాకా ముందుకి, మళ్ళీ వెనక్కి తిప్పండి, బిగుసుకున్న చుట్టు వదులవుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో ప్లేయర్ హెడ్, అంటే టేపు రాసుకుంటూ పోయే చిన్న లోహపు ముక్క, తుడవండి. మొదటి పుల్ల తుప్పు రంగులో వస్తుంది, తెల్లగా వచ్చేదాకా పుల్లలు మారుస్తూ తుడవాల్సిందే, మందంగా వినిపించే పాట సగం ఇక్కడే బాగుపడుతుంది.

ప్లేయర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్‌కి వైరు వేయాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండే ఒక్క రంధ్రం హెడ్‌ఫోన్‌కీ మైక్‌కీ కలిపి ఉండేది, అందులో పెడితే శబ్దం పగిలిపోవచ్చు కాబట్టి లైన్-ఇన్, అంటే ప్లేయర్ లాంటి వాటి శబ్దం తీసుకునే రంధ్రం, ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనండి. రికార్డ్ చేసుకోవడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితమే. అందులో స్టీరియో, 44,100 హెర్ట్జ్ పెట్టుకుని, ఎంత గట్టిగా పాడిన చోటైనా మైనస్ 6 డెసిబెల్ దాటకుండా వాల్యూమ్ తగ్గించుకోండి, ఎందుకంటే ఒకసారి పగిలిన శబ్దాన్ని తర్వాత ఎవరూ పూర్తిగా బాగుచేయలేరు. సీ-90 క్యాసెట్ అయితే ఒక్కో వైపుకి 45 నిమిషాలు కూర్చోవాల్సిందే. నిమిషానికి దాదాపు 10 ఎంబీ పట్టే, కుదించని వేవ్ ఫైల్‌ని రెండు చోట్ల దాచి, ఫోన్‌కి ఎంపీ3 చేసుకోండి.

బుస్సుమనే చప్పుడు తీసేద్దామని ఎక్కువ ఆశపడకండి. నేను అలాగే తీస్తూ పోయి, అవ్వ చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి పీల్చుకునే చప్పుడు కూడా పోగొట్టాను. అసలు వేవ్ ఫైల్ ఉంది కాబట్టి సరిపోయింది.

చివరగా ఫైల్ పేరులో ఎవరు, ఏ ఊరు, ఏ ఏడు రాయండి. తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళకి వెంటనే వినిపించండి. అవ్వకి వంత పాడిన గొంతు ఎవరిదో మా ఇంట్లో అమ్మ ఒక్కతే గుర్తుపట్టింది.