వానలు దిగకముందే తోటలో పెట్టే మెటల్ ప్యానెల్స్‌కి తీసుకోవాల్సిన జాగ్రత్తలు

రోహిణి కార్తె ఎండలు చూసి వానలకి ఇంకా టైమ్ ఉందిలే అనుకుంటాం గానీ మృగశిర వచ్చిందంటే మన వైపు గాలిలో తేమ మారిపోద్ది, అందుకే తోటలోకో మిద్దె మీదకో డిజైన్ కటింగ్ ప్యానెల్స్ చేయించుకునే ఆలోచన ఉన్నవాళ్ళు ఫిట్టింగ్‌తో సహా ఈ లోపే అయిపోయేలా చూసుకోండి. విజయవాడ ఆటోనగర్లో గానీ గుంటూరులో గానీ లేజర్ కటింగ్ చేసేవాళ్ళు ఇప్పుడు బాగానే ఉన్నారు, నెమలి, లతలు, తామరపువ్వు ఏ డిజైన్ ఇచ్చినా కోసి ఇచ్చేస్తారు. చాలామంది శ్రద్ధంతా ఆ డిజైన్ మీదే పెడతారు. ప్యానెల్ పాడవడం మొదలయ్యేది మాత్రం బొమ్మ మధ్యలో కాదండి, కోసిన అంచు దగ్గర, బోల్టు కన్నం దగ్గర, వెల్డింగ్ అతుకు దగ్గర, నేలలో దిగే కాలు దగ్గర. ఈ నాలుగు చోట్లా పని గట్టిగా చేయించుకుంటే మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే సాదా ఇనుము) షీటు కూడా ఏళ్ళ తరబడి నిలబడుతుంది, వదిలేస్తే ఎంత ఖరీదైన షీటు తెచ్చినా త్వరలోనే గోడ మీద తుప్పు చారలు కారతాయి.

షీటు సంగతి ముందు చెప్పేస్తాను. 8×4 అడుగుల ఎంఎస్ షీటు 3 ఎంఎం మందం అయితే 70 కేజీలు తూగుద్ది, 2 ఎంఎం అయితే 47, అదే అల్యూమినియం 3 ఎంఎం అయితే 24 కేజీలే, కాబట్టి మిద్దె తోటకి నా ఓటు అల్యూమినియంకే. తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు కావాలంటే 304 రకం అడగండి, తక్కువ రకమైన 202 ఇచ్చి 304 అని చెప్పేవాళ్ళుంటారు, మాగ్నెట్ పెట్టి చూస్తే ఆ తేడా తెలీదు, రంగు మారడాన్ని బట్టి స్టీలు రకం చెప్పే టెస్టింగ్ డ్రాప్ (మందు చుక్క) వేసి చూపించమనండి. ఇక ఫోటోల్లో చూసి అందరూ ముచ్చటపడే ఆ తుప్పు రంగు కార్టెన్ స్టీలు, అది మంచిదే, కానీ దాని మీద గట్టి పొర ఏర్పడాలంటే తడవడం ఆరడం రెండూ జరగాలి, మట్టిలో పాతినా ఎప్పుడూ తడిగా ఉండే పాదులో పెట్టినా ఆ పొర రాదు, మామూలు ఇనుములాగే తినేసుకుంటూ పోద్ది. పైగా మొదట్లో కొన్నాళ్ళు వానకి తుప్పు నీళ్ళు కారతాయి, కింద లేత రంగు టైల్స్ ఉంటే మరక వదలదు, కింద కంకర పరుచుకోండి.

ఇప్పుడు అంచు. ఎంఎస్ షీటుని లేజర్ మీద ఆక్సిజన్‌తో కోస్తే కోసిన మొహం మీద నీలం బూడిద రంగులో పల్చటి పొర ఒకటి వస్తుంది, చూడ్డానికి నున్నగా బాగుందే అనిపిస్తుంది గానీ ఆ పొర మీద పెయింటైనా పౌడర్ కోటింగైనా (రంగు పొడి చల్లి వేడికి కరిగించి అతికించే పూత) సరిగ్గా పట్టదు, కొన్ని నెలలకి అంచు వెంబడి దారంలా ఊడొస్తుంది, అక్కడి నుంచి తడి పెయింట్ కిందకి దూరుద్ది. కాబట్టి కోటింగ్‌కి పంపకముందే అంచులన్నీ ఎమరీ పేపర్‌తోనో గ్రైండర్‌కి బిగించే ఫ్లాప్ డిస్క్‌తోనో రుద్ది ఆ పొర పోగొట్టి లోహం మెరిసేదాకా తేవాలి, లేదంటే నైట్రోజన్‌తో కోయమని ముందే అడగండి, రేటు ఎక్కువ పడుద్ది గానీ ఆ పొర రాదు. అంచుల పదును కూడా తీసేయాలి, పదునైన చోట పెయింట్ ఆరేటప్పుడు వెనక్కి లాక్కుని పల్చబడిపోద్ది, కొద్దిగా గుండ్రంగా రుద్దితే మందం నిలుస్తుంది. నెమలి ఈకల్లాంటి సన్న డిజైన్లో ఈ పని చేయడానికి చాలా ఓపిక కావాలి, షాపువాడు "అవసరం లేదు సార్, కోటింగ్ కవర్ చేసేస్తుంది" అంటాడు, ఒప్పుకోకండి. మీరే ఇంట్లో కూర్చుని రుద్దుకుంటే లెదర్ గ్లవ్స్ వేసుకోండి, కోసిన షీటు బ్లేడే అనుకోండి.

పౌడర్ కోటింగ్ అయితే బయట ఎండకి ప్యూర్ పాలిస్టర్ పౌడరే వేయాలి, ఎపాక్సీ పౌడర్ మన ఎండకి సుద్దలా పొడి రాలుద్ది. మందం 60 నుంచి 80 మైక్రాన్లు ఉండాలి, షాపులో మీటర్ ఉంటుంది, అంచుల దగ్గర కూడా పెట్టి చూపించమనండి. దానికి ముందు సెవెన్ ట్యాంక్ ప్రాసెస్ (షీటుని వరసగా ఏడు తొట్లలో ముంచి జిడ్డు, తుప్పు పోగొట్టి పూతకి సిద్ధం చేయడం) చేస్తారా లేక గుడ్డతో తుడిచి పౌడర్ కొట్టేస్తారా అనేది అడిగి తెలుసుకోండి, అసలు మన్నిక అక్కడే ఉంది. బ్రష్‌తో పెయింట్ వేయించేవాళ్ళు జింక్ ఉన్న ఎపాక్సీ ప్రైమర్ వేయించి, అంచులకీ వెల్డింగ్‌కీ విడిగా బ్రష్‌తో ఒక కోటు ఎక్కువ పట్టించి, పైన పీయూ (పాలీయురేథేన్) పెయింట్ వేయించండి. తెల్లారగట్ల షీటు చల్లగా ఉండి చెమ్మ పట్టి ఉంటుంది, మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాలుద్ది, రెండు టైముల్లోనూ వేయొద్దు. చెమ్మ ఆరాక పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ఆపేయాలి.

పని చేసేవాళ్ళ గురించి చెప్పకుండా ఉండలేను. జీఐ (జింకు పూత ఉన్న ఇనుము) పైపు మీద వెల్డింగ్ చేస్తే తెల్లటి పొగ వస్తుంది, అది జింకు పొగ, అది పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వచ్చి ఒళ్ళంతా నొప్పులు పెడతాయి. పాలు తాగితే పోద్ది, అరటిపండు తింటే పోద్ది అంటారు, పోదండి, వెల్డింగ్ చేసే చోట ముందే జింకు గీకేయాలి, గాలి ఆడేచోట చేయాలి, మాస్క్ పెట్టుకోవాలి. మామూలు చలవ కళ్ళద్దాలు పెట్టుకుని వెల్డింగ్ చేసే కుర్రాళ్ళని ఇప్పటికీ చూస్తున్నాం, మీ ఇంట్లో పని జరిగేటప్పుడైనా సరైన హెల్మెట్ ఉంటేనే చేయమని గట్టిగా చెప్పండి. గ్రైండర్‌కి గార్డ్ తీసేసి వాడనివ్వొద్దు, తోటలో ఎండుటాకులు ఊడ్చేసి బకెట్ నీళ్ళు దగ్గర పెట్టుకోండి. చినుకు పడితే వెల్డింగ్ ఆపేయాల్సిందే, తడి నేల మీద నిలబడి హోల్డర్ పట్టుకోవడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. ఇంకోటి, ఫ్రేముని హాట్ డిప్ గాల్వనైజింగ్‌కి (కరిగిన జింకులో ముంచి పూత వేయడానికి) పంపుతుంటే బాక్స్ పైపు రెండు చివర్లూ మూసేసి పంపకండి, లోపల ఉన్న తేమ 450 డిగ్రీల జింకులో ఒక్కసారిగా ఆవిరై పైపు పేలుద్ది, కన్నాలు పెట్టించే పంపండి.

గాలి సంగతి చాలామందికి పట్టదు. కట్టడాల మీద గాలి ఒత్తిడి లెక్కకి వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విజయవాడకి బేసిక్ విండ్ స్పీడ్ (డిజైన్ లెక్కకి తీసుకునే గాలి వేగం) సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకి పడే ఒత్తిడి రఫ్‌గా 150 కేజీల బరువుతో సమానం, అంటే కన్నాలు లేని 6×4 అడుగుల ప్యానెల్ మీద 300 కేజీల పైనే. ప్రతి ఏడూ అంత గాలి రాదు, కానీ 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది ఎక్కడో కాదు, బాపట్ల దగ్గరే. అందుకే డిజైన్లో సగం దాకా ఖాళీ ఉండేలా చూసుకోండి, గాలి దూరి పోవాలి. బాల్కనీ గ్రిల్లుకి బైండింగ్ వైరుతో కట్టేసి వదిలేయడం మాత్రం అస్సలు వద్దు, ఊడి పడితే కింద రోడ్డు మీద మనుషులు ఉంటారు. మిద్దె మీద అయితే స్లాబ్‌కి డ్రిల్లింగ్ చేస్తే వాటర్ ప్రూఫింగ్ పాడవుతుంది, పిట్టగోడకి లోపలి వైపు నుంచి యాంకర్ బోల్టులు వేయించండి, అది కూడా ఒంటి ఇటుక గోడ అయితే ఆ గోడ బలం ముందు ఇంజనీర్‌కి చూపించుకోవాలి. కరెంటు తీగలు దగ్గర్లో ఉంటే షీటు పైకి ఎక్కించేటప్పుడు ఆపి చూసుకోండి, షీటు గాలికి తిరిగి తీగకి తగిలితే ఎవరూ ఏమీ చేయలేరు.

బోల్టు కన్నాలు గుండ్రంగా బిగుతుగా కాకుండా కొంచెం పొడుగ్గా పెట్టించండి, 2 మీటర్ల అల్యూమినియం ప్యానెల్ 50 డిగ్రీల తేడాకి 2 ఎంఎం పైనే సాగుద్ది. స్టీలు బోల్టుకీ అల్యూమినియంకీ మధ్యలో నైలాన్ వాషర్ పెట్టాలి, తడిలో రెండు లోహాలు తగిలితే అల్యూమినియం తినేసుకుపోద్ది. గోడకి ప్యానెల్‌కి మధ్య ఒక అంగుళం ఖాళీ వదిలితే వెనక ఆరుతుంది.

కాళ్ళని నేరుగా మట్టిలో పాతొద్దు. కాంక్రీటు దిమ్మ నేలకంటే నాలుగు వేళ్ళు పైకి లేపి, పైభాగం నీళ్ళు జారేలా వాలుగా చేసి, దాని మీద బేస్ ప్లేట్ బిగించాలి. బాక్స్ పైపు కాలు అయితే కింద చిన్న కన్నం ఉండాలి, లోపల దిగిన నీళ్ళు బయటికి పోవాలి, లేకపోతే బయట పెయింట్ కొత్తగా ఉండగానే లోపల నుంచి కుళ్ళిపోద్ది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్ళు సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నిలబడ్డాయి కదా, అలాంటి పల్లపు ఏరియాల్లో ఉన్నవాళ్ళు నీళ్ళు తీసిన వెంటనే కాళ్ళకి పట్టిన బురద కడిగేయాలి, ఎండిపోయిన బురద అట్ట కింద తడి అలాగే ఉండిపోతుంది.

ప్యానెల్ వెనక లైట్లు పెట్టించుకునేవాళ్ళు 12 లేదా 24 వోల్టుల ఎల్‌ఈడీలే వాడండి, వాటికి కరెంటు ఇచ్చే డ్రైవర్ పెట్టెని వాన పడని చోట పెట్టండి, ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) తప్పకుండా ఉండాలి, ఇనప ఫ్రేముకి ఎర్తింగ్ ఇప్పించండి. వానలో పిల్లలు దాన్ని పట్టుకుంటారు, ఇక్కడ ఖర్చు చూసుకోకండి.

బిగించాక మొక్కల మందులతో జాగ్రత్త. గుంటూరు వైపు కాపర్ మందులు, మైలుతుత్తం ప్రతి ఇంట్లో దొరుకుతాయి, ఆ ద్రావణం జీఐ మీద గానీ కోటింగ్ లేచిన అల్యూమినియం మీద గానీ పడితే రాగి అక్కడ పేరుకుని చుక్కలు చుక్కలుగా గుంటలు పడతాయి. పొటాష్ ఎరువులో క్లోరైడ్ ఉంటుంది, ఉప్పు బోరు నీళ్ళు స్ప్రింక్లర్‌తో రోజూ పడినా అదే గతి. మందు కొట్టేటప్పుడు ప్యానెల్ మీద పాత దుప్పటి కప్పండి, పడితే మంచినీళ్ళతో కడిగేయండి. టైల్స్ కడిగే యాసిడ్ అయితే దాని ఆవిరికే స్టీలు మీద తుప్పు చుక్కలు వస్తాయి, ఆ పని అంతా అయ్యాకే ప్యానెల్ బిగించుకోండి.

మళ్ళీ అక్టోబర్ తుఫానులకి ముందు, దసరా శుభ్రాలప్పుడే, ఒకసారి స్పానర్ పట్టుకుని బోల్టులన్నీ బిగించి, గీతలు పడ్డ చోట రుద్ది ప్రైమర్ టచప్ చేసుకోండి. తుఫాను హెచ్చరిక వస్తే మిద్దె మీద తీయగలిగే ప్యానెల్స్ గాలి మొదలవ్వకముందే ఇద్దరు కలిసి దింపి పడుకోబెట్టండి, గాలి మొదలయ్యాక మాత్రం ఎవరూ పైకి ఎక్కొద్దు.