కారణాంకాలతో చెలిమి – 4వ పాఠం: సింహాచలం మెట్లు

పోయిన పాఠంలో కారణాంకాలను, అంటే ఒక సంఖ్యను శేషం లేకుండా భాగించే సంఖ్యలను, లెక్కపెట్టడం నేర్చుకున్నాం. సంఖ్యను ప్రధాన సంఖ్యలుగా విడగొట్టి, ఒక్కో ఘాతాంకానికి 1 కలిపి, అన్నిటినీ గుణించాలి. 60 అంటే 2² × 3 × 5. కాబట్టి 3 × 2 × 2 = 12.

నిన్న మా పాపతో 60 చింతపిక్కలు నేల మీద వరసలుగా పేర్పించాను. రెండు వరసలు, మూడు, నాలుగు, అయిదు, ఆరు... ఒక్క పిక్క మిగల్లేదు. ఏడు వరసలకి మాత్రం నాలుగు చేతిలో ఉండిపోయాయి. ఇంకో నాలుగు కలిపి 64 చేస్తే ఇంకా ఎక్కువ రకాలుగా పేర్చొచ్చు అనుకుంది. చూస్తే 64కి ఉన్నవి ఏడే కారణాంకాలు!

60 కంటే చిన్న సంఖ్య దేనికీ 12 కారణాంకాలు లేవు. ఇలా తనకన్నా చిన్నవాటన్నిటినీ మించిన సంఖ్యను అతి సంయుక్త సంఖ్య అందాం. 1, 2, 4, 6, 12, 24, 36, 48, 60, 120... వరస ఇలా సాగుతుంది. రామానుజన్ 1915లో వీటి మీద పెద్ద వ్యాసం ప్రచురించారు. అంతకు పదేళ్ల ముందు, 1905లో, ఆయన ఇల్లు వదిలి బయల్దేరింది మన విశాఖపట్నం వైపే. అది తెలిసినప్పటి నుంచి ఈ సంఖ్యలంటే నాకు మరీ ఇష్టం.

ఇక ఈ వరసలో చేరనివాటిని ఏరేసే అసలు కిటుకు. 84 చూడండి: 2² × 3 × 7. మధ్యలో 5ని దాటేసింది. 7 తీసి 5 పెడితే 60 వస్తుంది. కారణాంకాలు అవే 12, సంఖ్య మాత్రం చిన్నది. 84 పోయింది. 90 అంటే 2 × 3² × 5. ఇందులో పెద్ద ఘాతాంకం 3కి దక్కింది. దాన్ని 2కి ఇస్తే మళ్లీ 60 దగ్గరికే వస్తాం. 90 కూడా పోయింది.

అంటే ప్రధాన సంఖ్యలు 2 నుంచి వరసగా, ఒక్కటీ వదలకుండా రావాలి. ఘాతాంకాలు సింహాచలం కొండ దిగే మెట్లలా ఉండాలి. మధ్యలో చదును రావచ్చు గానీ, మళ్లీ పైకి ఎక్కకూడదు. రామానుజన్ వ్యాసంలోని పట్టికలో అన్నిటికన్నా పెద్దది 6746328388800. దాని ఘాతాంకాలు 6, 4, 2, 2, ఆపైన అయిదు ఒకట్లు. చివరి మెట్టు 1 కావడం కూడా నియమమే. 4, 36 మాత్రమే మినహాయింపు.

ఒక్క జాగ్రత్త. మెట్లు కుదిరినంత మాత్రాన సరిపోదు. 96 అంటే 2⁵ × 3, మెట్లు బాగానే ఉన్నాయి. కానీ దానికున్నవి 12 కారణాంకాలే. అన్ని కారణాంకాలు అంతకన్నా చిన్నదైన 60కే ఉన్నాయి. కాబట్టి ఈ పరీక్ష పనికిరానివాటిని ఏరేయడానికే. మిగిలినవాటిని లెక్కపెట్టి చూడాల్సిందే.

వచ్చే పాఠంలోపు 144, 150, 168, 180 పరీక్షించండి. వీటిలో నిలబడేది ఒక్కటే.