మావయ్య బోటు లెక్క కోసం సొంత ప్రోగ్రామింగ్ భాష: మీరూ ఒకటి కట్టుకోవాలంటే

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లకి వేట నిషేధం. ఆ 61 రోజులూ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఒకదాన్నొకటి ఆనుకుని జెట్టీ దగ్గరే ఉంటాయి. మా మావయ్య ఇంట్లో ఉంటాడు. ఇంట్లో ఉంటే పాత లెక్కల పుస్తకాలు తీస్తాడు, తీస్తే గొడవే. రెండేళ్ల కిందట అలాంటి ఒక గొడవలోంచి పుట్టింది నా భాష. పేరు 'వాటా'. ప్రస్తుతం వాడేది ఇద్దరు.

నేను మధురవాడలో ఒక కంపెనీలో టెస్టర్‌ని, పుట్టి పెరిగింది పెద జాలరిపేటలో. ఇంజనీరింగ్‌లో కంపైలర్ల పేపరు అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. కాబట్టి ఇది పండితులు చెప్పే పాఠం కాదు. ఇలాంటి పని పెట్టుకోవాలని మీకూ ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ కాలు జారుతుందో చెప్తాను.

ముందు సెలవులు చూసుకోండి. నిజంగానే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష సృష్టికర్త గిడో వాన్ రోసమ్ 1989 క్రిస్మస్ వారంలో ఆఫీసు మూసి ఉంటుంది కదా, ఏదో ఒక పని ఉండాలని మొదలుపెట్టాడు దాన్ని. జనం ఈ కథ ఇక్కడితో ఆపేస్తారు. అంతకుముందు ఆయన ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ అనే పరిశోధన సంస్థలో ఏబీసీ అనే భాష మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. అది పెద్దగా నిలబడలేదు. లైన్ల ముందు ఖాళీ వదిలి గుంపు చెయ్యడం లాంటివి పైథాన్‌కి అక్కడి నుంచే వచ్చాయి. అంటే ఆ వారం రోజుల వెనక బోలెడు అనుభవం ఉంది. మనకి అంత లేదు కాబట్టి మన భాష చిన్నదిగా ఉండాలి. ఒక్క మనిషి, ఒక్క లెక్క. అంతే.

రెండో పని, కంప్యూటర్ తెరవకండి. మీ భాషలో రాసిన ప్రోగ్రాం ఎలా ఉండాలో కాగితం మీద రాయండి. ఆ భాష ఇంకా లేదని మర్చిపోయి రాయండి. నా మొదటి కాగితం మీద ఇలా మొదలైంది: 'రాయి అమ్మకం 2,46,500'. మావయ్య కళ్లజోడు సర్దుకుని చూసి, "రాయి అమ్మడవేటే గుంటా? మనం సేపలు కదా అమ్మినాం" అన్నాడు.

తప్పు నాదే. ఇంగ్లీషు భాషల్లో పని ముందొస్తుంది, వస్తువు తర్వాతొస్తుంది. తెలుగులో క్రియ చివర్న ఉంటుంది. కీవర్డులు, అంటే భాష తన పనుల కోసం పెట్టుకున్న మాటలు, తెలుగులోకి మార్చేసి వరస మాత్రం ఇంగ్లీషుది ఉంచేస్తే వచ్చేది ఈ రాయే. వస్తువు ముందు, పని తర్వాత అనే వరస ప్రోగ్రామింగ్‌కి కొత్తేమీ కాదు. చార్లెస్ మూర్ చేసిన భాష ఫోర్త్‌లో రెండూ మూడూ కలపాలంటే '2 3 +' అని రాస్తారు. "రెండూ మూడూ కలుపు" అన్నట్టే ఉంటుంది. గుర్తుల బదులు మాటలు పెట్టడమూ కొత్త కాదు. వ్యాపారం లెక్కలు చేసేవాళ్లకి మామూలు మాటలే ఉండాలని అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ 1950ల్లోనే పట్టుబట్టింది. ఆవిడ ఫ్లో-మాటిక్ భాషే తర్వాత వ్యాపార లెక్కల భాష కోబాల్‌కి దారి వేసింది.

నాలుగు కాగితాలు చింపాక నిలిచింది ఇది:

అమ్మకం 2,46,500 రాసుకో
డీజిల్ 1,12,000 రాసుకో
ఐసు 14,500 రాసుకో
రేషన్ 11,000 రాసుకో
అమ్మకంలోంచి డీజిల్ ఐసు రేషన్ తీసేసి మిగులు అను
మిగులు సగం చేసి మనుషులవి అను
మనుషులవి 9 వాటాలు వేసి చూపించు

సగం బోటుకి, సగం మనుషులకి. ఎనిమిది మంది ఎక్కారు, బోటు నడిపే సరంగుకి రెండు వాటాలు కాబట్టి తొమ్మిది. ఇది మా బోటు కట్టుబాటు, పక్క బోటులో వేరేలా ఉండొచ్చు.

ఇక్కడ తెలుగు నాకు ఒక వరం ఇచ్చింది. 'తీసేసి', 'చేసి', 'వేసి' అంటే పని ఇంకా అవ్వలేదు. 'అను', 'చూపించు' అంటే వాక్యం అయిపోయింది. చిన్నప్పుడు వ్యాకరణంలో అసమాపక క్రియ, సమాపక క్రియ అని బట్టీ పట్టినవి ఇవే. కంప్యూటర్‌కి వేరే గుర్తులు అక్కర్లేకుండా ఎక్కడ ఆగాలో క్రియే చెప్పేస్తుంది. మీరు ఏ లెక్క తీసుకున్నా ఈ జంట క్రియలతో మొదలుపెట్టి చూడండి.

ఇక కోడ్. నేను పైథాన్‌లో రాశాను, మూడు వందల లైన్లు కూడా లేదు. మూడు ముక్కలు: లైనుని మాటలుగా కొయ్యడం, ఏ మాట ఏ పని చేస్తుందో పట్టడం, ఆ పని చెయ్యడం. బ్రాకెట్లు, గుణకారాలు కావాలంటే దేని తర్వాత ఏది చెయ్యాలన్న వరస కూడా చూసుకోవాలి. నేను వాటి జోలికి పోలేదు.

కొయ్యడం దగ్గర మాత్రం రెండు రాత్రులు పోయాయి. అక్షరమా కాదా అని అడగడానికి పైథాన్‌లో ఈజ్‌ఆల్ఫా అనే ఫంక్షన్ ఉంది. ఇంగ్లీషుకి బాగానే ఉంటుంది. 'డీజిల్' ఇచ్చి చూశాను, ఒక్క 'డ' తీసుకుని ఆగిపోయింది. ఎందుకంటే కంప్యూటర్లు అక్షరాలకి నంబర్లు ఇచ్చే పద్ధతి యూనికోడ్‌లో 'డీ' ఒక అక్షరం కాదు, 'డ' ఒకటి, దీర్ఘం ఇంకొకటి. గుణింతం గుర్తుల్ని, పొల్లుని, సున్నాని ఈజ్‌ఆల్ఫా అక్షరాలుగా లెక్కపెట్టదు. 'విశాఖ' మన కంటికి మూడక్షరాలు, పైథాన్‌ని పొడుగు అడిగితే అయిదు అంటుంది. కాబట్టి అక్షరం అక్షరం అడగడం మానేసి ఖాళీల దగ్గర కోసెయ్యండి, తర్వాత మొత్తం మాటని ఈజ్‌ఐడెంటిఫైయర్‌కి ఇవ్వండి. దానికి గుణింతాలు తెలుసు.

అది తేలాక ఇంకొకటి. మావయ్య ఫోన్‌లో 'ఐస్‌బాక్సు' అని టైపు చేశాడు. కంటికి ఏ తప్పూ లేదు, భాష మాత్రం ఒప్పుకోదు. 'స్' కింద 'బ' ఒత్తుగా దిగిపోకుండా కీబోర్డు మధ్యలో కనపడని గుర్తు ఒకటి పెడుతుంది, దాన్నే జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. పేర్లలో అది ఉంటే తీసిపారెయ్యండి. అంకెల్లో కామాలు కూడా అంతే. మనిషి 2,46,500 అనే రాస్తాడు, పైథాన్ దాన్ని అంకెగా తీసుకోదు. తెలుగు అంకెలు మాత్రం ఉచితంగా వచ్చాయి: '౧౨' ఇస్తే పైథాన్ తనంతట తనే 12 అని చదువుకుంటుంది. మా ఇంట్లో ఎవరూ రాయరనుకోండి.

'అమ్మకంలోంచి' అని అతికించి రాస్తారు కదా, ఆ 'లోంచి'ని మాట చివర వెతికి కోసెయ్యాలి. అతికించకుండా రాయమని మావయ్యకి చెప్పి చూశాను. "నువ్వు మాటాడినప్పుడు ఆగతావేటి అక్కడ?" అన్నాడు. కోశాను.

డబ్బు లెక్కయితే దశాంశాల జోలికి వెళ్లకండి. కంప్యూటర్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. పూర్తి రూపాయలో, పూర్తి పైసలో పెట్టుకోండి. పెట్టుకున్నా భాగహారం దగ్గర ఒక నిర్ణయం తప్పదు. పై లెక్కలో ఖర్చులు పోను 1,09,000 మిగిలింది, మనుషులవి 54,500. తొమ్మిది వాటాలు వేస్తే వాటాకి 6,055, ఇంకా అయిదు రూపాయలు మిగులుతాయి. మామూలు భాషలు ఆ అయిదు మీ చేతిలో పెట్టి ఊరుకుంటాయి. మా బోటులో అది గంగమ్మ హుండీకి వెళ్తుంది, అందుకే 'చూపించు' ఎప్పుడూ చివర్న 'హుండీ 5' అని చూపిస్తుంది. ఇలాంటి చోట్లే మీ భాష మీది అవుతుంది.

మొదటి కూర్పులో 'తీసెయ్యి' అంటే అమ్మకంలోంచే నిజంగా తీసేసేది. తర్వాత 'అమ్మకం చూపించు' అంటే 1,09,000 వచ్చింది. "రెండు లచ్చల నలభైఆరు వేలకి అమ్మితే లచ్చా తొమ్మిదంటాదేటి నీ ఫోను? దొంగలెక్క!" అని మావయ్య ఆ రోజు అన్నం కూడా తినలేదు. పేరు పెట్టిన అంకెని చెప్పకుండా మార్చకూడదని పెద్ద పెద్ద భాషలవాళ్లు వాదించుకునేది దీని గురించే. అందుకే 'మిగులు అను' వచ్చింది.

తప్పు వచ్చినప్పుడు చూపించే మాట మీద నేను కోడ్ కన్నా ఎక్కువ టైమ్ పెట్టాను, మీరూ పెట్టండి. మొదట్లో 'సింటాక్స్ తప్పు, లైను 5' అని వచ్చేది. మావయ్య ఫోన్ మంచం మీద పడేశాడు. ఇప్పుడు 'అయిదో లైనులో డీసిల్ అన్నారు. ఆ పేరుతో ఏదీ రాసుకోలేదు. డీజిల్ అనా?' అని అడుగుతుంది. దగ్గరి పేరు వెతికే పనికి పైథాన్‌లో డిఫ్‌లిబ్ ఉంది, రెండు లైన్లలో అయిపోతుంది.

రెండో మనిషికి ఇచ్చే ముందు మాత్రం ఆగండి. 1970ల్లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ప్రోగ్రాములు కట్టే మేక్ అనే పనిముట్టు చేసినప్పుడు లైను ముందు ట్యాబ్ తప్పనిసరి అని పెట్టాడు. అది మంచి ఆలోచన కాదని కొన్ని వారాల్లోనే తెలిసింది. అప్పటికే ఓ పన్నెండు మంది వాడుతున్నారు, వాళ్లని ఇబ్బంది పెట్టలేక వదిలేశాడు. ఆ ట్యాబ్ దగ్గర నేటికీ జనం తన్నుకుంటున్నారు. గిడో వాన్ రోసమ్ 2018లో ఒక కొత్త గుర్తు, కోలన్ పక్కన ఈక్వల్, దాని మీద నడిచిన వాదాలతో విసిగి పైథాన్‌లో ఆఖరి మాట చెప్పే స్థానం నుంచి తప్పుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు లాగాక. భాష చేసినవాళ్ల బతుకులో ఎక్కువ భాగం కోడ్ రాయడం కాదు, వద్దని చెప్పడం. నా రెండో వాడకందారు మావయ్య తోడల్లుడు. వడ్డీ లెక్క పెట్టమన్నాడు, వద్దన్నాను. పండక్కి ఇంటికి పిలవలేదు.

పాత లెక్కలు పారెయ్యకండి. ప్రతి వేటకి రాసిన ప్రోగ్రాం, అప్పుడొచ్చిన జవాబు పక్కపక్కనే దాచాను. భాషలో ఏ చిన్న మార్పు చేసినా ముందు అవన్నీ నడిపి, జవాబులు మారలేదని చూశాకే కొత్తది ఫోన్‌లో వేస్తాను. ఇప్పటికి పదిహేడు ఉన్నాయి. మొన్న వచ్చిన పదిహేడోదానిలో 'ఐసు రాసుకో' రెండుసార్లు ఉంది, ఒకటి 14,500, ఒకటి 3,000. నా భాష మొదటిది చెరిపి 3,000 ఉంచింది. మావయ్య మళ్లీ ఐసు కొన్నాడట, రెండూ కలపాలట. తోడల్లుడి లెక్కల్లో మాత్రం రెండోసారి రాశాడంటే మొదటిది దిద్దుకున్నాడనే. కలపనా, చెరపనా అన్నది ఇంకా తేల్చలేదు. ఆదివారం ఇద్దర్నీ హార్బర్ దగ్గర కూర్చోబెట్టి అడగాలి.